మేము, కారు క్షేమము

ఏడేళ్ళు వరుసలో నిలిచి సంపాదించుకొన్న కొత్త కారు పదకొండు నెలల్లో పద్నాలుగు సార్లు నడిరోడ్డు మీద ఆగిపోవడమూ, తప్పు కారుది కాదు నడిపేవారిదని కంపెనీ చేతులు దులుపుకోవడమూ, యెమ్మిగనూరు చేనేత యజమాని మార్కండేయులు చేత అతని స్నేహితుడు శ్రీపాదరావు కర్నూలు జిల్లా ఫోరంలో ఫిర్యాదు వేయించడమూ పాఠకులకు తెలిసినవే. ఆ ఫిర్యాదుకు కంపెనీ ఇచ్చిన జవాబు రిజిస్టర్డు టపాలో వచ్చిందనీ, ఆ కవరు శ్రీపాదరావు విప్పాడనీ కిందటి వారం చెప్పుకొన్నాం.

కవరులో ఒక ఉత్తరం నకలు ఉంది. మార్చి నెలలో మార్కండేయులు కంపెనీకి పంపిన మొట్టమొదటి ఫిర్యాదు అది. అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉన్నాయి.

'మహారాజశ్రీ మేనేజరు గారి సముఖమునకు యెమ్మిగనూరు నుంచి మార్కండేయులు వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ దయవలన ఇక్కడ మేము, కారు క్షేమము. అక్కడ మీరు, మీ కంపెనీవారందరు క్షేమమని తలచుచున్నాము. ఇక ముఖ్య విషయమేమనగా, తాము ఇచ్చిన విహారి కారు ఆదోని దారిలో నడుమ నిలిచిపోవుచున్నది...'

'మేము, కారు క్షేమము' అన్న మూడు మాటల కింద కంపెనీ వకీలు ఎర్ర సిరాతో గీత గీశాడు. దానికి జతచేసిన జవాబులో ఒకే వాదం ఉంది. వారంటీ గడువు నడుస్తున్న కాలంలో కారు క్షేమంగా ఉన్నదని ఫిర్యాదీ తానే లిఖితపూర్వకంగా ఒప్పుకొన్నాడు గనుక, ఆ తరువాత చెప్పిన లోపమంతా కల్పితమని భావించి ఫిర్యాదును కొట్టివేయవలసిందిగా ప్రార్థన.

శ్రీపాదరావు ఆ వాక్యాన్ని మూడు రోజులు మోశాడు. ఆదోని హైస్కూల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. మంత్రాలయం దగ్గర మఠం సేవలో బ్రతికిన కుటుంబంలో పుట్టి, ఇరవయ్యో ఏట ఆ సేవకు దూరమై, ఋజువు చూపలేని దేనికీ తల వంచనని నిర్ణయించుకొన్నవాడు. అయితే మూడేళ్ళ కిందట వినియోగదారుల రక్షణ చట్టం ప్రతి ఒకటి తన చేతికి వచ్చిన నాటి నుంచి అతనిలో ఒక వింత ఆశ మొదలైంది. సరుకులో నాణ్యత లోపిస్తే అమ్మినవాడు బాధ్యుడన్న ఆ సాదా వాక్యం కాగితం దిగి నేలమీద నడవడాన్ని ఒక్కసారైనా కళ్ళారా చూడాలి. తక్కినవారు ఏ కోరికతో కొండలెక్కుతారో, అటువంటి కోరికతోనే అతడు ఈ కేసు ఎక్కాడు. కేసు వేద్దామన్నది అతడే. మార్కండేయులు కాదనలేక సంతకం పెట్టాడు.

నాలుగో నాడు శ్రీపాదరావు ఒక ప్రమాణపత్రం టైపు చేయించుకొని, ఆదోని నుంచి పొద్దుటి బస్సులో యెమ్మిగనూరు వచ్చాడు.

మార్కండేయులు ఇంట్లో లేడు. నూలుకు రంగు అద్దే చోటికి వెళ్ళాడు. లోపలి సాలలో ఎనిమిది మగ్గాలు ఒకదాని మాట ఒకటి వినకుండా చప్పుడు చేస్తున్నాయి. ముందరి గదిలో మంచం మీద కూర్చొని అతని భార్య సరస్వతమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. ఆరేళ్ళ కిందట రంగునీళ్ళు పారిన గచ్చు మీద జారిపడి ఆమె తుంటి ఎముక విరిగింది. అతికింది గాని సరిగా అతకలేదు. గోడ పట్టుకొని నాలుగడుగులు వేయగలదు. బస్సు మెట్టు మాత్రం ఎక్కలేదు.

"రాండి స్వామీ. ఎన్నాళ్ళాయ మిమ్మల్ని సూసి! మా కారు మాదిరి మీరూ నడిమిట్ల నిలిచిపోతిరేమో అనుకొంటి."

"బస్సులో వచ్చినాను తల్లీ. ఆ బస్సు మీద ఇంకా కేసు వేయలేదు. స్వామీ అనవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పినాను?"

"సరే సారూ. నోటికి అలవాటు. ఏమి, మొగం అట్లుంది?"

శ్రీపాదరావు నకలు తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె రాట్నం ఆపి, కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొంది.

"ఇది నా ఉత్తరమే! వాళ్ళ దగ్గరికి పోయి తిరిగి మనకే వచ్చిందే!"

"అక్షరాలు నీవేనా?"

"ఇంకెవురివి? మా ఆయప్ప రాస్తే కోడి గెలికినట్లుంటాది. కారు నిలిచిపోతాంది, మనిషిని పంపియ్యండి, అని రెండు ముక్కలు సెప్పి సాలలోకి పోయినాడు. పైన ఉండే మర్యాదంతా నాదే."

"మేము, కారు క్షేమము. ఈ మాట కూడా?"

"ఆ మాట కూడా."

శ్రీపాదరావుకు ప్రాణం లేచి వచ్చింది. అతడు కోరుకొన్న జవాబు అదే.

"అయితే భయం లేదు. చూడు తల్లీ, ఉత్తరం మొదట్లో క్షేమమని వ్రాయడం మన దేశాచారం. నూట మూడు జ్వరంతో పడుకొన్నవాడు కూడా 'ఇక్కడ క్షేమం' అనే మొదలుపెడతాడు. అది మర్యాదే గాని సాక్ష్యం కాదు. ఆ కంపెనీ వకీలు ఎవరో గాని, తన తండ్రికి ఒక్క ఉత్తరమైనా వ్రాసి ఉండడు." టైపు కాగితం విప్పి చదివాడు. "'కారు క్షేమమన్న మాటను ఉత్తరాల వాడుక చొప్పున మాత్రమే వ్రాసితిని. కారు నిజస్థితిని తెలుపు ఉద్దేశము నాకు ఆనాడు ఏమాత్రము లేదు. ఇది నా ప్రమాణపూర్వకమైన వాంగ్మూలము.' ఇంతే. ఆదోనిలో నోటరీ ఎదుట నువ్వు సంతకం పెట్టవలె. మధ్యాహ్నం కారులో పోయి వద్దాం."

సరస్వతమ్మ కాగితం అందుకోలేదు.

"నేను సంతకం పెడితే ఏమైతాది సారూ?"

"కంపెనీ వాదం నిలబడదు. మనం గెలుస్తాం."

"గెలిస్తే?"

ఈ ప్రశ్న కోసం శ్రీపాదరావు కేసు వేసిన నాటి నుంచి ఎదురుచూస్తున్నాడు. బడిలో మాదిరి వేళ్ళు మడిచాడు. "ఫోరం నాలుగు రకాల ఆజ్ఞలు ఇయ్యవచ్చు. ఒకటి, కారులో ఉన్న లోపం తీసేయమనవచ్చు. రెండు, దీన్ని తీసుకొని లోపం లేని కొత్త కారు ఇమ్మనవచ్చు. మూడు, కారు వాపసు తీసుకొని ధర తిరిగి ఇమ్మనవచ్చు. నాలుగు, మీకు కలిగిన నష్టానికి పరిహారం ఇప్పించవచ్చు."

"అయిదోది లేదా?"

"అయిదోది అంటే?"

"ఖరాబైన కారే మాకు ఉండనీమని."

శ్రీపాదరావు నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతని నవ్వు దిక్కు తోచక ఆగిపోయింది.

"అట్లెందుకు తల్లీ? వాపసు ఇచ్చేది ఇష్టం లేకపోతే మొదటిదే అడుగుదాం. లోపం తీసి మీ కారు మీకే ఇస్తారు."

"లోపం తీసేస్తే ఆదోనికి ముక్కాలు గంటలో పోయి సేరుకొంటాం."

"అందుకే కదా కారు!"

"మీకు అందుకే."

లోపల ఒక మగ్గం ఆగింది. ఎవరో తెగిన పోగు అతుకుతున్నారు. అది మళ్ళీ మొదలైనాక సరస్వతమ్మ చెప్పింది.

"సారూ, ఆ మాట నేను మర్యాదకు రాయలే. నిజంగానే రాసినాను."

"కారు క్షేమమనా? నాలుగు తూర్లు నా కళ్ళతో చూసినాను నేను. బానెట్ ఎత్తితే ఆవిరి. మెకానిక్ కాగితం కూడా ఇచ్చినాడు, పెట్రోలు గొట్టం ఇంజనుకు ఆనుకొని కాగుతాందని, తయారీలోనే పొరపాటని."

"కాగుతాది. కాదనలే. మీరు కారును సూసినారు. నన్ను యాడ సూసినారు?" ఆమె కండె తీసి ఒళ్ళో పెట్టుకొంది. "కారు వచ్చేదాకా అయిదేండ్లు నేను ఈ గది దాటలే. ఈ కిటికీలో నుంచి బసప్ప వాళ్ళ గోడ కనపడతాది. సున్నం ఎప్పుడు కొడతారో, ఎప్పుడు పెచ్చులు లేస్తాదో నన్నడగండి సెప్తాను. ఆయప్ప తెల్లారి సాలలోకి పోతే అన్నానికి వస్తాడు. తిని పోతాడు. సెడ్డోడు కాదు. నాకు మందు మరిసిన దినం లేదు. మాట్లాడేకి ఏముంది మాకు? నూలు వచ్చిందా, వచ్చింది. సరుకు కొనే ఆసామి వచ్చి పోయినాడా, పోయినాడు. అంతే."

"కారు వచ్చినాక?"

"ఫస్టు తూరి జనవరిలో నిలిచిపోయినాది. పదో కిలోమీటరు రాయి దాటినాక కల్వర్టు లేదూ, ఆడ. డ్రైవరు ఆదెప్ప డబ్బా ఎత్తుకొని నీళ్ళకు పోయినాడు. ఆయప్ప శానాసేపు ఇంజనును తిట్టినాడు. తిట్టి తిట్టి అలిసిపోయి, వచ్చి నా తావ కూర్చున్నాడు. ఊరికే కూర్చునేకి ఆయప్పకు రాదు సారూ, చేతులు ఆడతానే ఉంటాయి. పక్కన సేన్లో వాళ్ళు పచ్చి జొన్న కంకులు ఊచబియ్యానికి కాలుస్తాంటే పోయి దోసిట్లో తెచ్చినాడు. ఊది ఊది నా చేతిలో పోసినాడు. పోసి అడిగినాడు, నొప్పి నీకు యాడ మొదలైతాది అని."

ఆమె గొంతు మారలేదు. ఒక లెక్క అప్పజెప్పుతున్నట్లు చెప్పింది.

"ఆరేండ్లలో డాక్టర్లు అడిగినారు. ఆయప్ప అడిగింది ఆ దినమే."

శ్రీపాదరావు కళ్ళద్దాలు తీసి పంచె చెరగుతో తుడుచుకొన్నాడు. అద్దాల మీద ఏమీ లేదు.

"ఆ మీదట ఇంకొక తూరి నిలిచింది. సాయంకాలం. ఆదోని కొండల మీద మబ్బు సూపిచ్చి, ముప్పై ఏండ్లుగా ఆ రంగు కోసరం ఏడుస్తాండానే, నూలుకు ఎక్కదు, అన్నాడు. ముప్పై ఏండ్లు ఆయప్పతో కాపురం సేస్తి, ఆయప్ప ఒక రంగు కోసరం ఏడుస్తాండాడని నాకు తెలీదు. ఇంకొక దినం వాళ్ళమ్మ సంగతి సెప్పినాడు. ఒక దినం ఏమీ మాట్లాడలే. ఊరికే కూర్చున్నాం. అది ఇంకా బాగుండె."

"అయితే కారు బాగైనా పోవచ్చు కదా తల్లీ, ఇద్దరూ! పోయి ఆ కల్వర్టు దగ్గరే కూర్చోవచ్చు."

సరస్వతమ్మ అతనివైపు జాలిగా చూసింది. పెండ్లాం చనిపోయి పద్దెనిమిదేళ్ళైన మనిషి, ఇన్ని పుస్తకాలు చదివినవాడు, ఈ మాట అనగలిగినందుకు.

"ఎనిమిది మగ్గాలు నడిపే యజమాని, పెండ్లాన్ని ఎత్తుకోనిపోయి సేని గట్టున కూర్చోబెట్టుకొంటే ఊరు ఏమంటాది? ఆయప్పకే సిగ్గు. కారు ఖరాబైతే కూర్చోవచ్చు. ఖరాబైన బండి తావ ఎంతసేపు కూర్చున్నా ఎవురూ ఏమీ అనరు సారూ. పాపం అని నీళ్ళు కూడా ఇస్తారు."

శ్రీపాదరావు టైపు కాగితం వైపు చూశాడు. 'కారు నిజస్థితిని తెలుపు ఉద్దేశము నాకు ఆనాడు ఏమాత్రము లేదు.' పొద్దున బస్సులో అది నిజమైన వాక్యం. ఇప్పుడు అదే అక్షరాలతో అబద్ధమైంది. ఆ అబద్ధం మీద సంతకం లేకపోతే, పెట్రోలు గొట్టం కాగుతున్నదన్న నిజం ఫోరంలో నిలబడదు. కంపెనీ గెలుస్తుంది. తయారీలో తప్పు చేసినవాడు, పల్లెటూరి మర్యాద ఒకటి అడ్డం పెట్టుకొని తప్పించుకొంటాడు. జీవితమంతా అబద్ధపు ప్రమాణాలను ఎగతాళి చేసిన అతడు, ఈమె చేత ఒకటి చేయించాలా? చేయించకపోతే, ఏ న్యాయం నడవడం చూడాలని కోరుకొన్నాడో దాన్ని తన చేతులతోనే కూలదోయాలా?

"నీ మాట మార్కండేయులుకు తెలుసునా?" అని అడిగాడు.

"సెప్పేదెట్ల? సెప్తే అది పోతాది."

వీధిలో చెప్పుల చప్పుడైంది. మార్కండేయులు లోపలికి వచ్చాడు. మోచేతుల దాకా నీలిరంగు. స్నేహితుణ్ణి చూసి నవ్వాడు గాని, ఆ నవ్వులో ఉత్సాహం కనపడలేదు.

"ఎప్పుడు వస్తిరి సార్? కేసు యాడికొచ్చినాది?"

"ఈమె సంతకం దగ్గరికి వచ్చినాది," అన్నాడు శ్రీపాదరావు.

మార్కండేయులు భార్యవైపు చూశాడు. "పెడతావా?"

"ఆదోనిలో పెట్టాల్నంట. పోదాం పాండి. ఏమి సెప్పాల్నో ఆడనే సెప్తాను," అంది సరస్వతమ్మ, రాట్నం పక్కకు జరిపి.

రెండు గంటలకు బయలుదేరారు. డ్రైవరు ఆదెప్ప, నలభై దాటిన మనిషి, పదేళ్ళు లారీ నడిపి వచ్చినవాడు. అతని పక్కన శ్రీపాదరావు, వెనుక భార్యాభర్తలు. సరస్వతమ్మను ఎక్కించడానికి మార్కండేయులు ఒక పద్ధతి కనిపెట్టుకొన్నాడు. ముందు ఆమెను సీటు అంచున కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ కలిపి చేతులమీదికి తీసుకొని, కొత్త చీర మడత పెట్టినంత జాగ్రత్తగా లోపలికి తిప్పాడు. వీధిలో అంజినమ్మ గడపలో నిలబడి కేకేసింది.

"ఈ తూరన్నా ఆదోని సూస్తావా సరసక్కా? ఆ సారు నిమ్మకాయ తొక్కియ్యనియ్యలే, అందుకే ఇన్ని పాట్లు!"

"నిమ్మకాయకు పెట్రోలు గొట్టానికి సంబంధం లేదమ్మా!" అన్నాడు శ్రీపాదరావు, అలవాటు కొద్దీ. ఇవాళ ఆ మాటలో పట్టు లేదు.

ఊరు దాటింది. నవంబరు నెల. రోడ్డుకు రెండు వైపులా పత్తి పగిలి తెల్లగా ఉంది. పత్తి బోరాలు ఎత్తుగా పేర్చుకొన్న ఎద్దులబండ్లు, ట్రాక్టర్లు ఆదోని మార్కెట్టు యార్డుకు పోతున్నాయి. ముందు పోతున్న ట్రాక్టరు నుంచి పత్తి పింజెలు లేచి అద్దానికి తగిలి జారిపోతున్నాయి. వేడిని చూపే ముల్లు మీద శ్రీపాదరావు కన్ను వేశాడు. ఆరో రాయి. ముల్లు సగం దగ్గర కదలకుండా ఉంది. ఎనిమిదో రాయి. ఇంజను ఒకే గొంతుతో, ఎక్కడా తడబడకుండా పాడుతోంది. చలికాలపు గాలికి గొట్టం కాగలేదేమో.

అతడు డ్రైవరు ముందరి చిన్న అద్దంలోకి చూశాడు. అద్దంలో సరస్వతమ్మ ముఖం సగం కనిపించింది. ఆమె రోడ్డు చూడడం లేదు, పొలాలు చూడడం లేదు. ఇంజను శబ్దం వింటోంది. రోగి పక్కన కూర్చొన్నవారు ఊపిరిని వినేటట్లు వింటోంది. ఆగాలని. ఏ క్షణమైనా ఆగాలని. తొమ్మిదో రాయి దాటింది. ఆమె చెయ్యి సీటు మీద పరచుకొని, కింది కదలికను తాకి చూస్తున్నట్లు ఉండిపోయింది.

పదో రాయి దాటింది. కల్వర్టు కనిపించింది. దాని తెల్లని పిట్టగోడ దగ్గర పడుతున్న కొద్దీ సరస్వతమ్మ తల నెమ్మదిగా కిటికీ వైపు తిరిగింది. పోతున్న రైలు లోంచి తన ఊరి స్టేషను చూసేవారు అట్లా తిరుగుతారు. కారు ఎంత బాగా నడుస్తున్నదంటే, కంపెనీ మేనేజరు చూస్తే ఫోటో తీసుకొనేవాడు. శ్రీపాదరావు జీవితంలో మొదటిసారి, ఒక యంత్రం చెడిపోవాలని కోరుకొన్నాడు.

వెనుక నుంచి మార్కండేయులు గొంతు వినిపించింది. పెద్దగా లేదు, ఆజ్ఞలాగా కూడా లేదు. ఇంట్లో మంచినీళ్ళు అడిగినంత మామూలుగా ఉంది.

"ఆపు ఆదెప్పా."

ఆదెప్ప 'ఎందుకు' అని అడగలేదు. బ్రేకు మీదికి కూడా పోలేదు. అతని చెయ్యి తిన్నగా తాళంచెవి మీదికి పోయి తిప్పింది. నడుస్తున్న ఇంజను నోరు మూసుకొంది. కారు రెండు కుదుపులు కుదిపి, దొర్లుతూ పోయి, కల్వర్టుకు సరిగ్గా ఎదురుగా నిలిచిపోయింది.

సరస్వతమ్మ భర్త వైపు తిరిగింది. అతడు నీలిరంగు చేతులు ఒళ్ళో పెట్టుకొని కొండల వైపు చూస్తున్నాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆదెప్ప అప్పుడే కిందికి దిగి, వెనుక డిక్కీ తెరిచి, నీళ్ళడబ్బా తీసుకొన్నాడు. ఆ డబ్బా నిండా నీళ్ళున్నాయి. అతడు దాన్ని రోడ్డు పక్కన ఒంపేసి, ఖాళీ డబ్బాతో నడవడం మొదలుపెట్టాడు.

శ్రీపాదరావు కారు దిగి పరుగులాంటి నడకతో అతన్ని కలుసుకొన్నాడు. పద్నాలుగు సార్లలో తన కళ్ళతో చూసినవి నాలుగే. తక్కిన పదీ తేదీలతో, రాళ్ళతో, నిమిషాలతో సహా ఆదెప్ప చెప్పగా వ్రాసుకొన్నవి. ఫిర్యాదులో రెండో సాక్షి కూడా ఆదెప్పే.

"ఆదెప్పా, నిలబడు. నాకు ఒక్కటి చెప్పు. ఆ పది సార్లు... కారు నిలిచిందా, మీరు నిలిపినారా?"

ఆదెప్ప నిలబడ్డాడు గాని వెనక్కి తిరగలేదు.

"ఎన్ని నిలిచినాయో, ఎన్ని నిలిపితిమో నాకు తెలుసు సార్. మీరు అడిగితే సెప్పకుండా పోతాను. కర్నూల్లో ప్రమాణం సేయిచ్చి అడిగితే మాత్రం అబద్ధం సెప్పను. ఆలోచన సేసుకోండి, నన్ను ఆడికి పిలిచేదో, వద్దో."

డబ్బా ఊపుకొంటూ అతడు పత్తి చేలలోకి దిగిపోయాడు.